ఆపి యుంచిన మాత్ర

ఇచ్చుట ధర్మము, ఇయ్యకుండుట లోభము అను భావము తెలుగువారి ఇండ్లలో ఉగ్గుపాలతోనే అలవడును. ఆకలిగొన్నవానికి అన్నము, దప్పిగొన్నవానికి నీరు, రోగికి మందు అడిగినను అడుగకున్నను ఈయవలెనని పెద్దలు నేర్పిరి. చెరకు తోటల బ్యారక్కులలో ప్రక్క గదివానికి జ్వరము వచ్చినచో మిరియాల కషాయము కాచి యిచ్చుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. అట్టి సంప్రదాయమున పెరిగిన కుటుంబములవారు నేడు తమ వృద్ధులను ఫ్రెయిల్ కేర్ వార్డులలో చేర్చినప్పుడు ఒక వింత మాట వినవలసి వచ్చుచున్నది: "ఈ పూట ఆ మాత్ర ఇయ్యలేదండి. ఆపి ఉంచమని డాక్టరుగారి ఆర్డరు."

ఆ మాట విన్న కుమారునికి కోపము వచ్చుట సహజమే. నెలనెల రుసుము చెల్లించుచున్నాడు, మందులు తానే కొని తెచ్చుచున్నాడు, తల్లి మంచముపై నున్నది, మందు సీసాలోనే యున్నది. ఇట్లు ఈయకుండుట సేవయా, నిర్లక్ష్యమా? ఇది వైద్యులు తేల్చుకొనవలసిన సంగతి యని తోసివేయుట సులభము. కాని ఇందులో మూడు పాత ప్రశ్నలు ముడిపడి యున్నవి. ఆజ్ఞకు లోబడుట ఎంతవరకు ధర్మము? ప్రేమ ఎక్కడ ఆగవలెను? చేయకుండుట కూడ ఒక పనియేనా?

ఒక సాధారణమైన ఉదయమును ఊహించుకొనవచ్చును. 80 ఏండ్లు దాటిన ఒక అవ్వకు గుండె బలహీనము. ప్రతి ఉదయము డిజాక్సిన్ అను చిన్న మాత్ర పుచ్చుకొనుచున్నది. ఆ మాత్ర ఈయబోవు ముందు సిస్టరు స్టెతస్కోపును గుండెపై నుంచి ఒక పూర్తి నిమిషము లెక్కింపవలెను. 60కి తక్కువ యున్నచో మాత్ర నాపి డాక్టరునకు తెలుపవలెనని చార్టులో వ్రాసి యున్నది. ఆ నాడు లెక్క 54 వచ్చినది. పైగా అవ్వ రెండు దినములుగా అన్నము ముట్టుట లేదు, కడుపులో త్రిప్పుచున్నదనుచున్నది, గోడ పసుపుపచ్చగా కనబడుచున్నదని కూడ ఒకమారు అన్నది. ఆ చివరి మాటను పిల్లలు ముసలితనపు చాదస్తమని నవ్వి వదలివేసిరి. అది చాదస్తము కాదు. డిజాక్సిన్ దేహమున మితిమీరి నిలిచినప్పుడు వాంతి, అరుచి, చూపున పసుపు ఛాయ కనబడును. ఆ మందును దేహమునుండి వెడలగొట్టునవి ముఖ్యముగా మూత్రపిండములు. వయస్సుతో వాటి శక్తి తగ్గును. నీరు త్రాగని దినములలో మఱింత తగ్గును. నిన్నటి మాత్ర ఇంకను లోపలనే యుండగా నేటిది చేరును, రేపటిది దానిపై చేరును. నలుబది ఏండ్లవానికి ఔషధమైన మోతాదు ఎనుబది ఏండ్ల దేహమున విషమగుటకు ఎవరి దుర్బుద్ధియు అవసరము లేదు. రోజులు గడచుటయే చాలును.

ఈ జ్ఞానము క్రొత్తది కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరపు వైద్యుడు విలియం విదరింగ్ 1785లో ఫాక్స్‌గ్లవ్ మొక్కను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. డిజాక్సిన్ ఆ జాతి మొక్కలనుండియే వచ్చినది. ఆ మందును మూత్రము, కడుపు, నాడి, ప్రేగులు, వీనిలో దేనిపైనైనను దాని ప్రభావము తోచువరకు మాత్రమే ఈయవలెననియు, ఏ ఒక్క చిహ్నము కనబడినను వెంటనే ఆపవలెననియు ఆయన హెచ్చరించెను. అనగా ఆ మందు గ్రంథమున కెక్కిన నాడే ఆపుట కూడ దానితో పాటు గ్రంథమున కెక్కినది. ఆపుట తెలియనివానికి ఇచ్చుట తెలిసినదని చెప్పుటకు వీలులేదు.

కర్మలో అకర్మను, అకర్మలో కర్మను చూడగలవాడు బుద్ధిమంతుడను గీతాభావము దేవాలయ ఉపన్యాసములలో తఱచు వినబడును. విన్నవారు తల యూపుదురు, ఇంటికి పోవుదురు. మందుల ట్రాలీ ప్రక్క నిలుచున్న సిస్టరునకు అది ఉపన్యాసము కాదు. ఆమె మాత్ర ఈయలేదు. కాని నాడి లెక్కించినది, చార్టు చదివినది, డాక్టరునకు టెలిఫోను చేసినది, కారణము వ్రాసినది, మధ్యాహ్నము మఱల చూచినది. చూచువారికి ఆమె ఏమియు చేయనట్లున్నది. దీనికి భిన్నముగా, ఏమియు చూడక ఇరువది మందికి ఇరువది చిన్న గిన్నెలలో మాత్రలు పంచి పోవు చేయి చాల పని చేసినట్లు కనబడును.

ఇక ఆజ్ఞ సంగతి. 1860 నవంబరు 16న ట్రూరో నౌక డర్బను రేవు చేరినది మొదలు 1911లో ఆ వలస నిలిచిపోవువరకు సుమారు 1,52,000 మంది ఒప్పందపు కూలీలు నాటాలునకు వచ్చిరి. వారిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు మద్రాసు రేవున ఓడ యెక్కినవారు, తెలుగువారు అందులోనివారే. ఒక్కొక్కరికి ఒక సంఖ్య, ఐదేండ్ల ఒప్పందము, తోట దాటి పోవుటకు చీటీ, తెల్లవారక మునుపే సర్దారు కేక. రోగముతో పడుకొన్నవానిని సోమరి యని శంకించుట ఆ తోటలలో మామూలు. అట్టివారి మనుమలకు, మునిమనుమలకు 'ఆర్డరు' అను మాట చెవిని పడగానే ఒళ్ళు మండినచో తప్పుపట్టుటకు వీలులేదు. ఆజ్ఞ యనునది వారి కుటుంబచరిత్రలో మేలు చేసిన వస్తువు కాదు.

అందుచేతనే ఆజ్ఞలను వేరుచేసి చూడవలసి యున్నది. తోట యజమాని ఆజ్ఞవలన లాభము యజమానికి, శ్రమ కూలీకి. ఆపుమను వైద్యుని ఉత్తరువువలన వైద్యునికి దక్కునది ఏమియు లేదు. మేలైనను కీడైనను మంచముపై నున్న మనిషికే. ఇంతకంటె ముఖ్యమైన భేదము మఱియొకటి కలదు. సర్దారును 'ఎందుకు' అని అడుగుటకు వీలులేకుండెను. ఆ ప్రశ్నయే నేరము. నిలుపుదల ఉత్తరువును 'ఎందుకు' అని అడుగవచ్చును, అడుగవలెను. దానిలోనే జవాబు వ్రాసి యుండవలెను. ఏ మందు, ఏ కారణమున, ఏ కొలత ఎంత వచ్చువరకు, ఏ తేదీవరకు, తిరిగి ప్రారంభించుటకు ఎవరి మాట కావలెను, ఇవి లేని ఉత్తరువు సగము ఉత్తరువు. 'వార్ఫరిన్ ఆపుము' అని మాత్రము వ్రాసి సంతకము పెట్టి వెళ్ళిన డాక్టరు తన భారమును దించుకొని తరువాత వచ్చువారి నెత్తిన పెట్టినవాడగుచున్నాడు.

గ్రుడ్డిగా లోబడుట ఎంత సులభమో 1966లో అమెరికాలో చార్లెస్ హాఫ్లింగ్ అను మానసిక వైద్యుడును సహచరులును ప్రకటించిన పరిశోధన చూపినది. ఎన్నడును చూడని ఒక డాక్టరు టెలిఫోనులో మాటలాడి, ఒక రోగికి 20 మిల్లీగ్రాముల మందు వెంటనే ఈయవలెనని నర్సులను ఆదేశించెను. ఆ పెట్టెపైననే 10 మిల్లీగ్రాములు మించరాదని వ్రాసి యున్నది. టెలిఫోను ద్వారా అట్టి ఆదేశము స్వీకరించుట ఆ ఆస్పత్రి నియమమునకే విరుద్ధము. మందు పేరు కల్పితము, మాత్రలు హానిలేనివి. ఈయబోవు సమయమున వారిని ఆపిరి. 22 మంది నర్సులలో 21 మంది ఈయుటకు సిద్ధపడిరి. వారు చెడ్డవారు కారు, చదువు లేనివారును కారు. ఫోనులో వినబడిన గొంతు డాక్టరుది, అంతే.

కాని కథ అక్కడితో ముగియలేదు. 1977లో మఱికొందఱు పరిశోధకులు అదే విషయమును కొంచెము మార్చి పరీక్షించిరి. ఈసారి నర్సులకు తెలిసిన మందే నిర్ణయించిరి, తోటివారితో మాటలాడుకొనుటకు అవకాశముంచిరి. 18 మందిలో ఇద్దరు మాత్రమే ఈయుటకు సిద్ధపడిరి. ఈ రెండు సంఖ్యల నడుమ నున్న దూరమే గమనింపదగినది. మనుష్యులు ఒకే తీరువారు. మారినవి రెండే: ఆ మందును గూర్చిన తెలివి, ప్రక్కవారిని అడుగుటకు సందు. ధైర్యము కొందఱికి పుట్టుకతో వచ్చు గుణమని తలచువారు ఈ లెక్కను మరల చదువవలెను.

ఇక మఱియొక వైపు. 2001 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరమున ఒకటిన్నర ఏండ్ల పాప కాలిన గాయములు మానుచుండగా ఆస్పత్రిలోనే మరణించినది. ఆ తల్లి అటుపిమ్మట లోకమునకు చెప్పిన వృత్తాంతము ఇది. పాపకు మత్తు కలిగించు నొప్పిమందులు ఈయరాదని డాక్టరు నోటిమాటగా చెప్పియుండెను. నర్సు మెథడోన్ సూదితో వచ్చినప్పుడు తల్లి ఆ మాట గుర్తుచేసినది. ఆర్డరు మారినదని నర్సు చెప్పి మందు ఇచ్చినది. కొలది సేపటికే పాప గుండె ఆగినది. శరీరమున నీరు తఱిగిపోయిన సంగతిని అప్పటికే ఎవరును పట్టించుకొనలేదు. కాబట్టి తప్పు ఒక్క సూదిది మాత్రము కాదు. అయినను 'ఆర్డరు మారినది' అను ఆ మాటను తూచి చూడవలెను. మారినదని ఎవరు చెప్పిరి, ఎప్పుడు, ఎక్కడ వ్రాసిరి? ఆ తల్లి వైద్యము చదువలేదు. పాప ప్రక్క విడువక కూర్చున్నది, విన్నది గుర్తుంచుకొన్నది. వృద్ధుల మంచము ప్రక్క కూర్చుండు కూతుళ్ళకు, కోడండ్లకు ఈ పాటి అధికారము కలదు. ఈయమని బలవంతపెట్టు అధికారము కాదది. 'ఆగండి, ఒకమారు చార్టు చూడండి' అను అధికారము.

ఈ రెండు వృత్తాంతములు ఒకే దిక్కునకు చూపుచున్నట్లు తోచును. ఈయుమను ఆజ్ఞను శంకింపవచ్చును, ఆపుమను ఆజ్ఞను ఉల్లంఘింపరాదు. దీనికి తర్కము కలదు. మ్రింగిన మాత్రను వెనుకకు తీయుటకు వీలులేదు. ఆపిన మాత్రను మధ్యాహ్నమైనను ఈయవచ్చును. కావున సందేహమున్నచోట ఆపుటయే మేలు. చక్కని న్యాయము. కాని దీనిని సూత్రముగా పట్టుకొని కన్నులు మూసికొన్నవాడు మఱియొక గోతిలో పడును.

ఏలయన ఆపుట కూడ అన్నివేళల నిరపాయము కాదు. పార్కిన్సన్ వ్యాధి కలవానికి లెవోడోపా గంట ఆలస్యమైనచో చేతులు కాళ్ళు బిగిసి మంచము దిగలేడు. పూర్తిగా మానినచో ప్రాణముమీదికి రావచ్చును. శస్త్రచికిత్సకు ముందు 'నోటి ద్వారా ఏమియు వలదు' అను ఉత్తరువు వచ్చినప్పుడు ఆ మందు కూడ అందులో కొట్టుకొనిపోవుట చాల చోట్ల కనబడు ప్రమాదము. చిన్ననాటనే ఇన్సులిన్ అవసరమైన మధుమేహ రోగి అన్నము తినలేదని ఇన్సులినును మొత్తముగా ఆపివేసినచో రక్తము ఆమ్లమగును. ఏండ్ల తరబడి స్టెరాయిడు పుచ్చుకొన్నవానికి దానిని హఠాత్తుగా మానిపించుట, మూర్ఛరోగికి మాత్ర తప్పించుట, ఇవి అన్నియు చేతిలో ఏమియు పట్టుకొనకయే చేయు హాని. కాబట్టి ఆపుమను మాటకు లోబడువాడు కూడ నోరు మూసికొని లోబడరాదు. 'ఆపినాను, కాని ఈ మందు ఆపదగినదేనా? దీనికి బదులేమి?' అని ఆ గంటలోనే అడుగవలెను. అడుగుట అవిధేయత కాదు. మౌనముగా లోబడుటకును మౌనముగా ధిక్కరించుటకును నడుమ మూడవ త్రోవ కలదు. అది టెలిఫోను ఎత్తుట.

కరుణ విషయమున ఈ చిక్కు మఱింత బిగియును. క్యాన్సరుతో బాధపడుచున్న వృద్ధునికి మార్ఫిను ఈయుచున్నారు. ఒక సాయంకాలము ఆయన మిక్కిలి మగతగా నున్నాడు, ఊపిరి నెమ్మదించినది. ఊపిరి ఒక లెక్కకు తగ్గినచో తరువాతి మోతాదు ఆపవలెనని వ్రాసియున్నది. నడిరేయి ఆయన మూలిగినాడు. కూతురు సిస్టరు చేయి పట్టుకొని, "అక్కా, మా నాయన బాధ చూడలేకున్నాను, కొంచెం ఇయ్యండి" అన్నది. ఆ సిస్టరు చదివిన నియమావళిలో కన్నీటికి గడి లేదు. ఆమె ఇచ్చినచో బాధ చల్లారవచ్చును, ఊపిరియు చల్లారవచ్చును. ఈయనిచో ఉత్తరువు నిలుచును, మూలుగును నిలుచును. ఈ రెండే దారులని తలచుట వలననే మనుష్యులు తప్పు చేయుదురు. ఊపిరి మరల లెక్కింపవచ్చును. ప్రక్కకు తిప్పి పడుకొనబెట్టవచ్చును. మూత్రము బిగిసినదేమో చూడవచ్చును, ఏలయన వృద్ధుల మూలుగులలో ఎన్నో దానివలననే. అర్ధరాత్రియైనను డాక్టరును లేపవచ్చును. డాక్టరు విసుగుకొనును. విసుగుకొననిండు.

లోకమున నిలుపుదల ఉత్తరువులు చెడునది మహాధర్మసంకటములలో కంటె చిల్లర సంగతులలోనే ఎక్కువ. ఒక వార్డులో ఇద్దరు మిసెస్ నాయుడులు ఉన్నారనుకొనవచ్చును. డర్బను ప్రాంతమున ఇది ఊహింపనక్కఱలేదు; ముగ్గురు కూడ ఉందురు. ఒకరి వార్ఫరిన్ ఆపవలెను, ఆపునది మఱియొకరిది. ఆ విధముగా ఒక్క పొరపాటుతో ఇద్దరికి అపాయము. ఓడ యెక్కినప్పుడు మనిషికి పేరు పోయి సంఖ్య మిగిలినదని బాధపడిన వంశములవారు, నేడు పేరుతో పాటు పుట్టిన తేదీ, ఫోటో, చార్టు సంఖ్య కూడ చూడుమని సిస్టరును కోరవలసి వచ్చుట కొంత వింతయే. ఇక మందుల దుకాణమువారు ఉదయపు మాత్రలన్నియు ఒకే పొక్కులో మూసి పంపు పద్ధతి కలదు. సౌకర్యమే. కాని ఆరు మాత్రలలో ఒకదానిని ఆపవలసి వచ్చినప్పుడు తెల్లనివి మూడున్నచో ఏది డిజాక్సిన్? తెలియనిచో ఊహింపరాదు, మందుల దుకాణమును అడుగవలెను.

షిఫ్టు మారు గంట మఱియొక గండము. రాత్రి సిస్టరునకు టెలిఫోనులో వచ్చిన ఉత్తరువు ఆమె తలలో నుండును, చార్టులో నుండదు. ఆమె బస్సు వేళ యగుచున్నది. తెల్లవారి వచ్చినామెకు చార్టే ప్రమాణము. అందుచేత విన్న ఉత్తరువును అక్కడికక్కడ వ్రాసి, వ్రాసినదానిని ఫోనులోనే తిరిగి చదివి వినిపించి, సరియని అనిపించుకొనవలెనను నియమము ఏర్పడినది. దీనిని చాదస్తమనువారు బాల్టిమోర్ సంగతి మరల తలచుకొనవచ్చును.

తప్పులలో మిక్కిలి మౌనమైనది మఱచిపోయిన నిలుపుదల. పన్ను తీయించుటకై రక్తము పలుచన చేయు మందును ఆపిరి. పన్ను తీసిరి. గాయము మానినది. మందు తిరిగి మొదలు కాలేదు. ఎవరును ఏ తప్పును 'చేయలేదు'. మూడు వారముల పిదప ఒక ఉదయము ఆ తాత మాట తడబడినది, కుడిచేయి లేవలేదు. ఆపుమన్నవాడు ఎప్పటివరకో చెప్పలేదు, ఆపినవారు అడుగలేదు, ఇంటివారు మాత్రలు తగ్గినవని సంతోషించిరి. పాపమును పంచుకొనుటకు ఇంతమంది యున్నప్పుడు ఎవరి వంతును బరువుగా తోచదు. నీతిశాస్త్రమున దీనికన్న కఠినమైన ప్రశ్న అరుదు.

ఇక్కడ వ్రాతయొక్క సత్యము ముందుకు వచ్చును. మందు ఇచ్చినచో చార్టు గడిలో పొడి అక్షరముల సంతకము. ఈయనిచో కారణమును తెలుపు గుర్తు. ఖాళీ గడి ఈ రెండును కాదు. దానిని చూచిన తరువాతి మనిషి ఇచ్చిరో లేదో తెలియక, మఱచిరనుకొని రెండవమారు ఈయవచ్చును. షిఫ్టు చివర ఖాళీ గడులన్నిటిని ఒక్కసారిగా సంతకములతో నింపు అలవాటు ఇంకను ప్రమాదకరము. అది చిన్న అబద్ధముగా కనబడును. కాని ఆ అబద్ధముపై ఆధారపడి మఱునాడు డాక్టరు మోతాదు నిర్ణయించును: 'వారమంతయు మందు పుచ్చుకొన్నను రక్తపోటు తగ్గలేదు, పెంచవలెను' అని. పుచ్చుకొననే లేదని ఆయనకెట్లు తెలియును?

తప్పు జరిగినప్పుడు చెప్పుట మఱియొక పరీక్ష. ఇంగ్లండులో 55 కేర్ హోములలోని 256 మంది వృద్ధులను పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనమున, ఏ ఒక్క దినము చూచినను పదిమందిలో ఏడుగురికి మందుల విషయమున కనీసము ఒక పొరపాటు కనబడినది. చాల భాగము పెద్ద హాని చేయనివే. వ్రాసిన డాక్టరు, కట్టి యిచ్చిన ఫార్మసిస్టు, పంచిన సిబ్బంది, రక్తపరీక్ష మఱచినవారు, అందఱికిని అందులో వంతు కలదు. ఈ సంగతి తెలిసిన పిదప కూడ ఒక తప్పు బయటపడగానే తక్కువ జీతపు సహాయకురాలిని పనినుండి తీసివేసి చేతులు కడుగుకొనుట న్యాయమనిపించుకొనదు. ఆమెను తీసివేసిన నాటినుండి మిగిలినవారు తప్పులు మానరు, చెప్పుట మానుదురు. కాని తెలిసియుండి ఉత్తరువును త్రోసిపుచ్చి, దానిని కప్పిపుచ్చుటకు చార్టు మార్చినవాని సంగతి వేఱు. పొరపాటును క్షమించుటకు, మోసమును శిక్షించుటకు నడుమ గీత గీయలేని నిర్వాహకులు రెంటిని పోషింతురు.

కుటుంబములవారి వంతును విడువరాదు. చేతిసంచిలో ఇంటినుండి తెచ్చిన మాత్రల డబ్బా, 'సిస్టరు ఇయ్యలేదులే అమ్మా, నేనిస్తాను' అని దుప్పటిచాటున ఒకటి నోట వేయుట, ప్రేమతోనే జరుగును. తలనొప్పి యన్న నాయనమ్మకు మనుమడు దుకాణములో సులభముగా దొరకు గ్రాండ్-పా పొడి తెచ్చి నీటిలో కలిపి యిచ్చును. అందులో ఆస్పిరిన్ కలదు. ఆమె వార్ఫరిన్ పుచ్చుకొను మనిషియైనచో కడుపులో రక్తము కారవచ్చును. రక్తపరీక్షలో లెక్క హెచ్చినందున వార్ఫరిన్ ఆపియున్న వారముననే ఇది జరిగినచో ఆపిన ప్రయోజనమంతయు బూడిదలో పోసిన పన్నీరు. ఆ పొడి సంగతి ఏ చార్టులోను లేదు. ప్రేమకు చార్టు లేదనుట కవిత్వమున బాగుండును.

మందును ఆపి యుంచు దినములు కూడ చికిత్సలో భాగమే యనుటకు తెలుగువారికి తగిన సాక్ష్యము ఒకటి కలదు. భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలు నడపి 1948లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వముననే మెథోట్రెక్సేట్ అను మందు రూపొందినది. క్యాన్సరునకై పుట్టిన ఆ మందు తరువాత కీళ్ళవాతమునకు కూడ వాడుకలోనికి వచ్చినది. కీళ్ళవాతమునకు వారమునకు ఒక్క దినమే పుచ్చుకొనవలెను. మిగిలిన ఆరు దినములు వట్టివి. ఆ ఆరు దినములను మఱచి దినదినము ఇచ్చినందున నోరు పుండ్లుపడి, రక్తకణములు నశించి మరణించినవారు అనేక దేశములలో కలరు. అదే మాత్ర, అదే రోగి, అదే ప్రేమగల చేయి. భేదమంతయు ఈయని దినములలో నున్నది. అందుకే చార్టులో 'వారమునకొకమారు' అని మాత్రము వ్రాయక, ఏ వారమో పేరు పెట్టి, తక్కిన ఆరు గడులను కొట్టివేయవలెను.

ఇంత చర్చలో ఒక మనిషిని అడుగుట తఱచు మఱచెదరు, మంచముపై నున్నామెను. దక్షిణాఫ్రికాలో వృద్ధుల హక్కులకై 2006లో చేసిన చట్టము 2010లో అమలునకు వచ్చినది. చట్టము లేకున్నను అవ్వకు తన దేహమును గూర్చి తెలిసికొను హక్కు కలదు. ఇంగ్లీషు సరిగా వినబడని చెవికి, పాత తెలుగు మాటలు మాత్రము మిగిలియున్న మనస్సునకు, 'అవ్వా, నీ గుండె ఈ పూట నెమ్మదిగా కొట్టుకుంటాంది, అందుకని ఆ చిన్న మాత్ర ఆపినాం, సాయంత్రం మళ్ళీ చూస్తాం' అని చెప్పుటకు అర నిమిషము పట్టును. సిస్టరునకు తెలుగు రానిచో మనుమరాలు చెప్పవచ్చును. చెప్పనిచో ఆమె తన కొడుకు డబ్బు కట్టలేదు కాబోలునని తలచి రాత్రియంతయు కుములును. అట్లు కుమిలినవారు కలరు.

చివరకు, ఒక్కొక్కమారు నిలుపుదల తాత్కాలికము కాని దినము వచ్చును. కొలెస్టరాలు మాత్ర, ఎముకల మాత్ర, పదేండ్ల తరువాతి అపాయమును తప్పించుటకై మ్రింగునవి, కొన్ని వారములు మాత్రమే మిగిలిన దేహమునకు భారమే. మ్రింగలేని గొంతునకు అవి హింస కూడ. డాక్టరు వాటిని ఒక్కొక్కటిగా కొట్టివేయును. నొప్పి, ఆయాసము తగ్గించునవి మాత్రము ఉంచును. పిల్లలకు ఆ కొట్టివేతలు తల్లిని విడిచిపెట్టినట్లు తోచును. 'అన్నీ ఆపేసినారు' అని బంధువులకు ఫోను చేయుదురు. సముద్రముల కావలనున్న ఒక కుమారుడు ఏదో ఒకటి ఈయుడని కేక వేయును. ఆ కేకకు చార్టులోని వ్రాతను చూపి జవాబు చెప్పుటకు వీలులేదు. ట్రాలీ త్రోయుచు చెప్పుటకును వీలులేదు. ఎవరైనను ఒకరు కుర్చీ దగ్గఱకు లాగుకొని కూర్చుండవలెను, ఏ మందు ఎందుకు మొదలైనదో, ఎందుకు ఇక వలదో, ఏది కడవరకు ఈయబడునో ఒక్కొక్కటిగా చెప్పవలెను. ఒకమారు చెప్పిన చాలదు; మఱునాడు వారు అదే ప్రశ్న మరల అడుగుదురు.